ముడివేసిన కండువాలు

మా మేష్టరుగారు పోయారు. పాలు పోసే అమ్మి చెప్పింది, "మేష్టరుబాబు తెల్లారకట్ల పోనారంట తాతా" అని. నేను ఆయన దగ్గర చదువుకోలేదు, ఇద్దరిదీ ఒకటే ఈడు. అయినా నాకు మేష్టరే.

జర్మనీ యుద్ధం మొదలైన రోజుల్లో నర్సీపట్నానికి పేపరు అనకాపల్లి నుంచి బండి మీద వచ్చేది. ఆయన బడి అరుగు మీద చదివి చెప్పేవారు. ఎక్కడో ఒక యువరాజుని కాల్చి చంపారు. పెద్ద రాజ్యం చిన్న రాజ్యం మీదికి పోయింది.

"మనకేటి బాబూ?" అన్నాను.

"ఏటీ లేదోయ్. ఇంగ్లండు రాజుకి జర్మనీ రాజు మేనత్త కొడుకు. రష్యా రాజు పిన్ని కొడుకు. బావా బావమరిదీ మాటా మాటా అనుకుంటే పెద్దలు కూకోబెట్టరా?"

మాకూ సబబే అనిపించింది. మా అబ్బాయి పటాలంతో సామాను మోసే పనికి పోతానంటే ఆయన్నే అడిగాను. "పంపించు. ఓడ దిగేసరికి రాజీ అయిపోద్ది" అన్నారు. పంపించాను.

రాజీ కాలేదు. పేపర్లో కొత్త దేశాల పేర్లు వస్తూనే ఉన్నాయి. ఒకనాడు ఆయన మా అందరి కండువాలూ తీయించి, కొసకి కొస ముడివేసి, వరసగా మా చేతులకే పట్టించారు. "నువ్వు సెర్బియా. నీకు దన్ను రష్యా. రష్యాకి మాటిచ్చినోడు ఫ్రాన్సు. అటు నీ మీదికొచ్చిన ఆస్ట్రియాకి దన్ను జర్మనీ. ఆ జర్మనీ ఫ్రాన్సు మీదికి పోతూ మజ్జిలో బెల్జియాన్ని తొక్కేసింది. దానికి మాటిచ్చింది ఇంగ్లండు" అని ఒక కొస లాగారు. నూనె అమ్మే అతను వెళ్ళి మంగలి మీద పడ్డాడు.

"ఓరి రష్యా, కాలు తియ్యరా!" అని అరిచాడు మంగలి.

అందరూ నవ్వారు. చివరి కండువా నాది, ఇంగ్లండుకి కట్టి ఉంది.

"మనం ఎవులికి మాటిచ్చాం బాబూ?"

ఆయన నవ్వు ఆగిపోయింది. "మనం ఇయ్యలేదు. ఆడే కట్టేసుకున్నాడు" అంటూ ఆ ముడి విప్పబోయారు. బిగుసుకుపోయింది, రాలేదు. "నేను వరసలు సూశానోయ్. ముడులు సూళ్ళేదు" అన్నారు.

తర్వాత మా వాడు ఓడ దిగిన బస్రా నుంచి ఇంగ్లీషు ఉత్తరం వచ్చింది. చదివి చెప్పింది ఆయనే. మా వాడు జ్వరంతో పోయాడు.

ఆనాటి నుంచి ప్రతి సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చేవారు. ఉన్నది రెండిళ్ళ దూరమే అయినా కాళ్ళు కడుక్కుని గాని కూర్చునేవారు కాదు. వానల సంగతీ, విత్తనాల సంగతీ అడిగేవారు. మా వాడి పేరు నా దగ్గర పలికే మనిషి ఆయనొక్కరే. ఒక్కసారి మాత్రం లేస్తూ, "తప్పు నాదేనోయ్" అన్నారు. అని కాసేపు నిలబడ్డారు. 'కాదు' అనడానికి నాకు నోరు రాలేదు. రేపు అందాంలే అనుకున్నాను. అలా ఏళ్ళు గడిచాయి.

మొన్న వాళ్ళింటికి వెళ్ళి మేష్టరమ్మగారితో అన్నాను, "ఆయన తప్పు కాదమ్మా" అని.

ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. "ఇప్పుడు నాతో ఎందుకు బాబూ!" అన్నారు.

ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాను. పొద్దు వాలింది, ఆయన వచ్చే వేళ. చూరు కింద నుంచి కొంచెం ఎండ వచ్చి నా పక్కన పడింది. నేను ఇంకాస్త జరిగి చోటిచ్చాను.