డాక్టరు కోటు గుండీ

తోడల్లుడికి వికలాంగుల భత్యం మంజూరైందని భార్య కబురు తెచ్చిన నాటినుంచి కటింగ్ మాస్టారికి తిన్నది ఒంటబట్టడం లేదు. తన దరఖాస్తును తిరగ్గొట్టిన ఉత్తరం వచ్చి అప్పటికి వారమే. ముప్పై ఏళ్లు టైలరు షాపులో కత్తెర పట్టిన కుడిచేతి వేళ్లు మొద్దుబారిపోతే తనకు రాలేదు. ఇళ్లకు రంగులేస్తూ నిచ్చెన మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్న తోడల్లుడికి మొదటిసారికే వచ్చింది.

"నడుం నొప్పి ఎవడికి కనిపిస్తుందే? నాలుగు మూలుగులు మూలిగితే చాలు."

"మీరూ మూలగాల్సింది. ఎవరొద్దన్నారు?" అంది భార్య, అతని చొక్కా గుండీలు పెడుతూ.

"నా డాక్టరు పరీక్ష అయిన సాయంత్రం మనింటికొచ్చాడా? కాగితం అప్పటికే వాడి చేతికొచ్చిందట! గంటసేపు కూర్చుని ఆ మాటే ఎత్తలేదు. దిష్టి తగుల్తుందనుకున్నాడు."

"తగిలేదేగా మరి."

ఉచిత న్యాయసహాయ కేంద్రం జిరాక్స్ షాపు మీద ఒంటిగది. లాయరమ్మ డాక్టరు నివేదిక చదివి కళ్లజోడు తీసింది.

"వేళ్లతో సున్నితమైన పని చక్కగా చేస్తాడని రాశారు. ఆరోజు ఏం చేశారు మాస్టారూ?"

అతను తల దించుకుని జరిగింది చెప్పాడు. ఆరోజు డాక్టరు తెల్లకోటు రెండో గుండీ ఒంటి దారానికి వేలాడుతోంది. దాన్ని చూస్తుంటే డాక్టరు అడిగేవి చెవికెక్కలేదు. కాలరు మడతలో ఎప్పుడూ ఉండే సూది తీసి, "ఒక్క నిమిషం సార్," అని పళ్ల బిగువున కుట్టేశాడు.

లాయరమ్మ నవ్వాపుకుంది. "తరవాత?"

"రెండ్రోజులు మంచినీళ్ల గ్లాసు పట్టుకోలేదండీ."

"చెప్పాల్సింది అదండీ! మీరు ఫారం నిండా చేయగలిగినవే రాశారు. అప్పీల్లో ఆ రెండ్రోజుల సంగతి చెప్పాలి. మీ ఆవిడ కాక ఇంకెవరైనా చూశారా?"

"ఎవరూ చూళ్లేదు," అన్నాడు ఠక్కున.

మెట్లు దిగుతూ భార్య నిలదీసింది. "మీ తోడల్లుడు చూళ్లేదూ?"

"వాణ్ణి అడుక్కునేకంటే ఈ చెయ్యి కోసుకుంటా."

"అది మాత్రం చేతనవుతుందా, ఆ చేత్తో?"

అప్పీలు గడువు నాలుగు రోజులుందనగా తోడల్లుడింటికి వెళ్లి, గుమ్మం దగ్గరే నిలబడి అడిగాడు. "దానికేముంది అన్నయ్యా, నేనే వచ్చి చెప్తా," అన్నాడు తోడల్లుడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు కూడా మాస్టారికి ఒళ్లు మండింది. ఉన్నవాడు, ఎన్నయినా అంటాడు.

విచారణ గదిలో బల్ల వెనక అప్పీలు వినే ముగ్గురు అధికారులు. తోడల్లుడు కూర్చోలేక, కుర్చీ వీపు పట్టుకుని నిలబడే చెప్పాడు.

"ఆ పొద్దున నాకు మంజూరు కాగితం వచ్చిందండీ. అన్నయ్యకి చూపిద్దామని జేబులో పెట్టుకెళ్లాను. వదిన చెంచాతో తినిపిస్తోంది. నన్ను చూసి చెయ్యి తువ్వాలు కింద దాచేశాడు. నా పెళ్లి చొక్కా కుట్టిన చెయ్యండీ అది. ఇంక కాగితం బయటికి తియ్యబుద్ధి కాలేదు."

మాస్టారు గోడ గడియారం వంక తల తిప్పుకున్నాడు.

పది రోజులకు లాయరమ్మ ఫోన్ చేసింది. "అప్పీలు గెలిచాం! మీ తోడల్లుడు ఎంత బాగా చెప్పారండీ. ఆయన మాటే నిలబెట్టింది."

గెలిచింది తనైతే పేరు వాడికా, అనుకున్నాడు మాస్టారు.

ఆ సాయంత్రమే తోడల్లుడి ఇంటికి వెళ్లాడు. అతను మంచం మీంచి లేవబోయాడు. ముందు మోచెయ్యి, తరవాత గోడ, తరవాత మోకాలు. మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. పెదవి విప్పి ఒక్క మూలుగైనా మూలగలేదు. ఆ లేవడాన్ని మాస్టారు ఎన్నడూ చివరిదాకా చూడలేదు.

"లేవకురా, పడుకో," అని మంచం అంచున కూర్చున్నాడు.

తోడల్లుడి తల కింద దిండు సర్దుతూ అన్నాడు. "అంతా బాగానే చెప్పావు గానీ... నేను చెయ్యి దాచింది తువ్వాలు కింద కాదు. దుప్పటి."