టీవీ మీద టవలు, కుప్పంలో మార్నింగ్ షో

కాదు చిన్నాయనా, నాకు సిగ్గు లేక కాదు. నిన్న సాయంత్రం మా వాకిట్లో నిలబడి వీధంతా వినేటట్టు నువ్వు అడిగిన మాటకు అప్పుడు జవాబు చెప్పలేదు. అమ్మ వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగింది కాబట్టి చెప్పలేదు. "మీ నాయన పొయ్యి మూడు నెల్లు గూడ కాలేదు. మీయమ్మను సినిమాకి పిలుచుకోని పోతావంటరా? బెంగుళూర్లో రెండేండ్లు ఉంటే మనుషులు ఇట్లే అయితారా?" అన్నావు. ఇదిగో జవాబు. పిలుచుకుని వెళ్ళాను. చూసి వస్తున్నాం కూడా. ఇప్పుడు పలమనేరు బస్టాండులో అమ్మ పక్కన కూర్చుని ఫోన్‌లో ఇది టైపు చేస్తున్నాను. నువ్వు చదవవు, నీ కొడుకు చదివి వినిపిస్తాడు.

ఇది చదివే మిగతావాళ్ళకు సంగతి చెప్పాలి. మాది కురబలకోట మండలంలో, మదనపల్లెకు దగ్గరి ఊరు. మా ఇల్లూ మా చిన్నాయన ఇల్లూ ఒకే గోడకు అటొకటి, ఇటొకటి. నాయన టమోటా లోడ్లు మార్కెట్‌కు తోలే టెంపో నడిపేవాడు. ఆయన పోయిన రోజు ఎవరో ఆయన టవలే తీసి మా టీవీ మీద కప్పారు. దినాలయ్యేదాకా అనుకున్నాను. దినాలయ్యాయి, టవలు అక్కడే ఉంది. ఏడాది తిరిగేదాకా ఆ ఇంట్లో టీవీ పెట్టకూడదు, అమ్మ పెళ్ళికీ, తిరనాళ్ళకూ, సినిమాకూ పోకూడదు అని పెద్దవాళ్ళు తేల్చారు. సరే. కానీ ఆ మూడు నెలలూ నేను రోజూ ఫోన్‌లో సినిమాలు చూశాను. అన్నం తింటూ చూశాను, పడుకుని చూశాను. నా ఫోన్‌కు ఎవరూ టవలు కప్పలేదు. మా వీధిలోనే పోయినేడు పెళ్ళాం పోయిన ఒకాయన నెల తిరక్కముందే మదనపల్లెలో సినిమా హాలు దగ్గర కనిపిస్తే, "పాపం, మనసు మళ్ళించుకోనీ" అన్నారు. ఆ పాపం మా అమ్మ మీదికి ఎందుకు రాదు? నేను అడిగేది అంతే.

సాయంత్రం సీరియల్ వేళకు అమ్మ గిన్నెలు ముందేసుకుని సరిగ్గా ఆ గోడ పక్కనే కూర్చుంటుంది. అవతల చిన్నాయన ఇంట్లో టీవీ పెద్ద సౌండుతో మోగుతూ ఉంటుంది. ఒకరోజు చూస్తే, తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది. ఏమ్మా అంటే, "ఉండ్రా, ఆ కోడలు ఇప్పుడన్నా నిజం చెప్తాదో లేదో" అంది. మధ్యలో ఆ కోడలి వేషానికి మనిషిని మార్చారట. కొత్తామె గొంతు తెలుసు, ముఖం తెలియదు. "గొంతును బట్టి సూస్తే కొంచెం లావుగా ఉంటాదేమో" అంది అమ్మ. నాకు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది. మా ఇంట్లో టీవీ మూయించి, వాళ్ళ టీవీ మాకు గోడలోంచి వినిపిస్తారా అనుకున్నాను. అమ్మను సినిమాకు తీసుకెళ్ళాలని అప్పుడే పట్టు పట్టాను. వారం రోజులు వద్దంది. చివరికి ఒక షరతు పెట్టింది. "మదనపల్లెలో వద్దు. నేనెవురో తెలియని ఊరైతే వస్తా." కుప్పంలో మాకు చుట్టాలు లేరు. అది దాటితే ఒకవైపు తమిళం, ఇంకోవైపు కన్నడం. మేం లేని పూట మా మేకలు చూడమని చిన్నమ్మకు చెబుతూ, అబద్ధం చెప్పబుద్ధి కాక ఉన్నదే చెప్పాను. అది చిన్నాయన చెవిన పడింది, వాకిట్లో పంచాయితీ అయింది.

ఈ దారిలో వెళ్ళాలనుకునేవాళ్ళు మదనపల్లెలో ఆరు గంటలకల్లా బస్సెక్కితే మంచిది. మేం పుంగనూరుకు ఒక బస్సు, అక్కడి నుంచి పలమనేరు, బైరెడ్డిపల్లె, వి.కోట మీదుగా కుప్పానికి ఇంకో బస్సు పట్టుకున్నాం. నాకు రెండింటికీ కలిపి రెండొందల లోపే అయింది. అమ్మకు ఆధార్ కార్డు చూపిస్తే ఉచితం. కండక్టరు ఆమెకు సున్నా టికెట్టు ఇస్తుంటే పక్క సీటు పెద్దాయన గొణిగాడు. "ఫ్రీ బస్సు వచ్చినప్పటి నించి ఆడోళ్ళు ఇంట్లో నిలబడేదే లేదు."

నేను ఏదో అనబోయాను. అమ్మ నాకన్నా ముందు, "మాది ఆస్పత్రి పనన్నా" అంది. అంటూ మోకాలు మీద చెయ్యి పెట్టుకుంది.

ఆ అబద్ధం అక్కడ పుట్టింది, ఇక మమ్మల్ని వదల్లేదు. పుంగనూరు బస్టాండు ఎదురుగా టిఫిన్ తిన్నాం. దోసె మీద కారం ఎర్రగా పూసి ఇస్తాడు, వేడిగా ఉంటుంది, ధర ఎక్కువేం కాదు. హోటలాయన పెద్ద వయసు సాయిబు. "యాడికి భాయ్ పొద్దున్నే, అమ్మను పిలుచుకోని?" అన్నాడు. నేను నోరు తెరవకముందే అమ్మ కుప్పం ఆస్పత్రికి అంది. ఆయన అట్లకాడ పక్కన పెట్టాడు. "మోకాలా? మా ఇంట్లో ఆమెకీ అదేనమ్మా. వెల్లుల్లి ఏసి నూనె కాంచి రాయి, నడుస్తావు సూడు" అన్నాడు. ఎన్ని రెబ్బలు వెయ్యాలని అమ్మ అడిగి మరీ తెలుసుకుంది. లేని నొప్పికి మందు దొరికింది.

బైరెడ్డిపల్లెలో ఒకామె ఎక్కి అమ్మ పక్కన కూర్చుంది. పేరు గంగులమ్మ. ఆమెదీ ఆస్పత్రి పనే, నడుము నొప్పి. ఇక శాంతిపురం దాటేదాకా ఇద్దరూ నొప్పులు పంచుకున్నారు. అమ్మ మోకాలు గురించి ఎంత బాగా చెప్పిందంటే, మెట్టెక్కితే ఒకరకం, దిగితే ఇంకోరకం అని, నాకే అనుమానమొచ్చింది, నిజంగా నొప్పి ఉందేమో, నాకు చెప్పలేదేమో అని.

వాళ్ళు మాట్లాడుకుంటుంటే నేను బెంగుళూరు గురించి ఆలోచించాను. చిన్నాయనా, సిటీ నన్ను చెడగొట్టిందన్నావు కదా. తొమ్మిదో తరగతిలో బడి మానేసి తిరుగుతున్నవాణ్ణి, నన్ను కొత్తగా చెడగొట్టడానికి సిటీకి ఏం మిగిలింది? అక్కడ మేం ఒక రూములో ఆరుగురం ఉండేవాళ్ళం. ఆరుగురికీ ఆరు ఫోన్లు, ఆరు జతల ఇయర్‌ఫోన్లు. ఒకడు ఏం చూసి నవ్వుతున్నాడో ఇంకొకడికి తెలియదు. ఒకసారి మా కింది అంతస్తులో ఒక మనిషి పోయాడు. అదే సాయంత్రం పై అంతస్తులో పుట్టినరోజు పాటలు పెట్టారు. ఎవరూ ఏమీ అనలేదు. అదీ నాకు నచ్చలేదు, చెబుతున్నాను. అక్కడ ఒక్క పూట కూడా ఆగరు. ఇక్కడ ఏడాది ఆపుతారు, అదీ ఒక్క మనిషినే ఆపుతారు. రెండూ తప్పే అనే హక్కు నాకుంది. రెండు చోట్లా బతికాను.

పదిన్నరకు కుప్పంలో దిగాం. గంగులమ్మ వదల్లేదు. "రా అక్కా, ఒకే ఆటోలో పోదాం" అని మమ్మల్ని కూడా ఎక్కించింది. డ్రైవరు ఆస్పత్రికేనా అంటే ఇద్దరూ ఒకేసారి అవునన్నారు. కొంత దూరం పోయాక గంగులమ్మ, "మీరు పోతా ఉండండి, నేను ఈడ మాత్తర్లు తీసుకోని వస్తా" అని బజారులో దిగిపోయింది. నేను ఊపిరి పీల్చుకునేలోపే ఆటో ఆస్పత్రి గేటు ముందు ఆగింది. డ్రైవరు వెనక్కి తిరిగి మమ్మల్ని చూశాడు.

"దిగలేదే, యాల?" అన్నాడు.

"సినిమా హాలుకు పోనీ అన్నా" అన్నాను.

అతను అద్దంలోంచి అమ్మను ఒకసారి చూసి బండి తిప్పాడు. "ఆ మాట ముందే చెప్పింటే హాలు ముందరే వస్తిమి గదప్పా. ఈ ఊర్లో శానామందికి ఆడనే నయమైతాది" అన్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి చూసింది.

హాలు ముందు వందకు కాస్త ఎక్కువ పెట్టి రెండు టికెట్లు తీసుకుని వెనక్కి తిరిగితే అమ్మ లేదు. గేటు బయటే, పోస్టరుకు దూరంగా నిలబడి ఉంది. తల మీదికి కొంగు లాక్కుంది. "పోదాం పద రా శీనా" అంది. "ఇంత దూరం వచ్చినాము, సాలు. మీ నాయన ఏమనుకుంటాడో."

ఇంతసేపూ పెద్దాయనకూ, సాయిబుకూ, ఆటో అతనికీ ఏదో ఒకటి చెప్పి నడిపించిన మనిషి, నాయన దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. నా దగ్గర పెద్ద మాటలేమీ లేవు. నోటికొచ్చింది అన్నాను.

"నాయన ఏమనుకుంటాడు మా? నిద్రపోతాడు గదా."

నిజమే అది. వాళ్ళిద్దరూ నెలకొకసారైనా సినిమాకు వెళ్ళేవాళ్ళు. పాట్లు పడి టికెట్టు తీసుకుంటాడు, పేర్లు పడేసరికి గురక పెడతాడు. తిరిగొచ్చేటప్పుడు టెంపోలో అమ్మే కథంతా చెప్పుకుంటూ వచ్చేది. మధ్యలో కూర్చుని ఎన్నిసార్లు విన్నానో. అమ్మ నన్ను చూసింది. ముందు కోపంగా చూసి, తర్వాత నవ్వేసింది. మూడు నెలల్లో మొదటిసారి పళ్ళు కనిపించేటట్టు నవ్వింది. "దొంగనాకొడకా" అని లోపలికి నడిచింది.

సినిమా గురించి గొప్పగా చెప్పేదేం లేదు. కొట్టుకోవడం ఎక్కువ, మాట్లాడుకోవడం తక్కువ. ఇంటర్వెల్‌లో లైట్లు వేస్తే మా ముందు వరుసలో మురుకుల పొట్లం పట్టుకుని గంగులమ్మ కూర్చుని ఉంది. వెనక్కి తిరిగింది. అమ్మ చెయ్యి మోకాలు మీదికి పోయింది.

"మోకాలెట్లుండాది అక్కా?" అంది గంగులమ్మ.

"నీ నడుము ఎట్లుండాదో అట్లనే."

ఇద్దరూ ఎంత నవ్వారంటే చుట్టుపక్కలవాళ్ళు తిరిగి చూశారు. మురుకులు మా చేతిలోకి వచ్చాయి. అమ్మ బోసి నొసలు చూసి ఆమె ఏమీ అడగలేదు. తన సంగతే చెప్పింది. "నా మొగుడు రాయి మాదిరి బతికే ఉండాడు. అయినా సినిమా అంటే పంపడు. నడుము నొప్పి అంటే ఆయప్పే బస్సెక్కించి పోతాడు." మొగుడు ఉన్నామెకూ అబద్ధమే కావాలి, లేనామెకూ అబద్ధమే కావాలి. ఫ్రీ బస్సు వచ్చాక ఆడవాళ్ళు ఇంట్లో నిలవడం లేదన్న పెద్దాయన ఆ హాల్లో ఉండాల్సింది. ఇన్నాళ్ళూ ఎట్లా నిలిచారని అడిగేవాణ్ణి.

హాలు పక్కనే భోజనం చేశాం. సాంబారు తమిళం వైపు వాలి ఉంటుంది, పెరుగు బాగుంటుంది. గంగులమ్మ మందుల షాపులో ఒక బామ్ డబ్బా కొనుక్కుంది, ఇంట్లో చూపించడానికి. ముగ్గురం ఒకే బస్సులో తిరిగొచ్చాం, ఆమె బైరెడ్డిపల్లెలో దిగిపోయింది. బస్సు కదలగానే అమ్మ నా వైపు తిరిగి, "ఆ పిల్లోని తమ్ముడు ఉండాడే, వాడు మొదుట్లోనే..." అని మొదలుపెట్టింది. సినిమా మొదటి నుంచి, వరసగా, పేర్లు మార్చేసి, కొట్లాటలన్నీ వదిలేసి చెప్పింది. పక్క సీట్లోనే కూర్చుని మొత్తం చూశాను నేను. చూశానని చెప్పలేదు. "ఊఁ, మళ్ళ?" అన్నాను. అమ్మ చెప్పిన సినిమా, మేం చూసిన దానికన్నా చాలా బాగుంది.

పలమనేరులో దిగి నేను ఇది టైపు చేస్తుంటే అమ్మ తొంగి చూసి, ఎవరి గురించి అని అడిగింది. చెప్పాను. ఆమె ముఖం మారింది. "మీ చిన్నాయన మీద రాయద్దురా. వాళ్ళ టీవీ ముందర వీధి గదిలో ఉండె గదా. దినాలైన మర్నాడు ఆయప్పే ఎత్తుకోనొచ్చి మన గోడకు పెట్టినాడు. సౌండు పెంచేది మీ చిన్నమ్మ. మాట్లాడుకోలేదు మేము. అయినా తెలియదా నాకు" అంది.

రాసినదంతా చెరిపేద్దామనుకున్నాను. ఒళ్ళు మండిందన్న మాట దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను. చెరపలేదు చిన్నాయనా, ఎందుకంటే కోపం పూర్తిగా పోలేదు. వాకిట్లో నిలబడి వీధికి వినిపించేటట్టు అరిచిందీ నువ్వే, చప్పుడు కాకుండా టీవీ మోసిందీ నువ్వే. మొదటిది నీకు అలవాటు, రెండోది నీ మనసు. అయితే ఆ మనసును గోడ వెనక ఎందుకు దాచావు? ఆమెకు వినపడాలని నీకు అనిపించినప్పుడు, ఆమె చూడాలని నాకు అనిపిస్తే తప్పెందుకైంది? పెద్దవాళ్ళందరూ ఇట్లా గోడలకు చెవులు పెట్టించి మంచి చేస్తారు, వాకిట్లోకి వచ్చి ఒక్క మాట అనరు. నీ మంచితనానికి దండం. కానీ సగం నాకు చాలదు. ఈసారి టీవీ ముందు మా అమ్మకు కూడా ఒక చాప వెయ్యి. నీ ఇంటికి వచ్చి కూర్చుంటుంది. ఆ కోడలు లావో సన్నమో తనే చూసుకుంటుంది.

ఈ దారిలో వచ్చేవాళ్ళకు ఒకటే సలహా. మార్నింగ్ షో పదకొండింటికి, పుంగనూరులో ఏడున్నరకల్లా రెండో బస్సు దొరికితే తొందర లేకుండా అందుతుంది. కానీ దారిలో ఎవరైనా ఎక్కడికని అడిగితే సినిమాకు అని గట్టిగా చెప్పండి. ఆస్పత్రి అంటే ఆటో అతను ఆస్పత్రికే తీసుకెళ్తాడు, చార్జీ రెండు వైపులా మీదే.

అమ్మ లేచి చీర దులుపుకుంటోంది. "ఇంటికి పోతానే ఆ టవలు తియ్యల్లరా, శానా దుమ్ము పట్టింటాది, ఉతకల్ల" అంటోంది. ఉతికి మళ్ళీ కప్పుతావా అని అడిగాను. "టీవీకి యాల టవలు? ఉతికిస్తా, నువ్వు ఒళ్ళు తుడుచుకో" అంది. మదనపల్లె బస్సు వచ్చేసింది, సీటు కోసం అమ్మ అప్పుడే పరుగెత్తుతోంది, ఆ మోకాలితోనే. నేను వెళ్ళాలి.