నాయిన, పది బోల్టులు, పటేల్ ఇంటి నల్ల కారు

చిన్నప్పుడు ఎండాకాలం సెలవులొస్తే నేను ఇంట్లో ఉన్నది తక్కువ... సద్దన్నం తినగానే మేడ్చల్ పెద్ద రోడ్డు పక్కన మా నాయిన మెకానిక్ షెడ్డుకు పరుగెత్తేదాన్ని. పదేళ్ల పిల్లను. ఎక్కాలు తడబడేవి గానీ పానాల నంబర్లు మాత్రం కళ్లు మూసుకుని చెప్పేదాన్ని.

ఒకరోజు ట్రాక్టరు వెనక తాడు కట్టిన పాత నల్ల కారొకటి వచ్చి షెడ్డు ముందు ఆగింది. శామీర్‌పేట దగ్గరి ఒక పటేల్ ఇంటిది, ఆయన తండ్రి ముచ్చటపడి కొన్నది. స్టీరింగ్ దగ్గర పటేల్, వెనక సీట్లో ఆయన తల్లి. ఆమెను అందరూ అవ్వ అనేవాళ్లు, మేమూ అట్లాగే పిలిచాం.

"రెండుసార్లు ఇంజన్ విప్పించిన యాదగిరీ. మల్ల గట్లనే కాగుతాంది. ఈసారి గూడ గాకుంటే పాత ఇనుముకు ఏసుడే," అన్నాడు పటేల్ మా నాయినతో.

అవ్వ సీటు మీద దుమ్మును కొంగుతో తుడుస్తూ కూర్చుంది.

నాయిన నూనె చూసే పుల్ల బయటికి తీశాడు. నూనె పాలు పోసిన చాయ్ రంగులో ఉంది. ఇంజన్ పైభాగాన్ని హెడ్ అంటారు. అది కింది భాగానికి సరిగ్గా అతుక్కోక ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు నూనెలో కలుస్తున్నాయన్నమాట.

హెడ్ విప్పి, దాని మీద ఇనుప స్కేలు నిలబెట్టి వెలుతురు దూరుతుందేమో చూశాడు. దూరలేదు. తర్వాత బోల్టు రంధ్రాల్లోకి తొంగి చూసి నన్ను పిలిచాడు. అడుగున పాత నూనె నిలిచి ఉంది.

"హెడ్ మంచిగనే ఉన్నది బిడ్డా. బిగించుడే తప్పయింది. అడుగున నూనె ఉంటే బోల్టు పూర్తిగ దిగది. చేతికి మాత్రం గట్టిగ అయినట్టే అనిపిస్తది."

ఆ పది రంధ్రాలూ పుల్లకు గుడ్డ చుట్టి నేనే తుడిచాను... ఒక్కోటి మూడుసార్లు.

హెడ్ కింద పరిచే కొత్త గ్యాస్కెట్ రేకు దొరకడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు పొద్దున్నే పటేల్, అవ్వ జీపులో దిగారు. సాయంత్రం అల్వాల్‌లో ముని మనుమరాలి తొట్టెల ఫంక్షన్. ఆ కార్లోనే పోవాలని అవ్వ పట్టు.

నాయిన హెడ్‌ను ఇంజన్ మీద కూర్చోబెట్టి, ఏ బోల్టు తర్వాత ఏది బిగించాలో సుద్దముక్కతో నంబర్లు రాశాడు. నడుమ ఒకటి, దాని ఎదుటిది రెండు... అట్లా బయటికి. స్టూలు మీద కూర్చున్న అవ్వ చూసి, "జొన్నరొట్టె గూడ నడుమ నుంచే అంచులకు తట్టాలె. లేకుంటే పలుగుతది," అంది. నాయిన నవ్వి తలూపాడు.

ఒకేసారి బిగించడు. మూడు విడతలు. మొదట పైపైన, తర్వాత సగం, ఆఖరుకు పూర్తిగా. ఎంత బలం పెడుతున్నామో చూపించే ముల్లున్న పొడవాటి పానా ఆయన దగ్గర ఉండేది. నంబర్లు చదవడం నా పని.

రెండో విడత నడుమ ఒక లారీ ఆయన వచ్చి తూప్రాన్ దారి అడిగాడు. నాయిన తల తిప్పి చెప్పి, మళ్లీ పానా అందుకున్నాడు.

నేను ఆపాను. "ఏడోది కాలే నాయినా."

"అయింది," అన్నాడు నాయిన.

"కాలే..."

పటేల్ విసుక్కున్నాడు. "చిన్న పోరి మాట పట్టుకుంటవా? జల్దీ కానియ్."

నాయిన ఆయన వైపు చూడలేదు. పానా ఏడో బోల్టుకు తగిలించి లాగాడు. ముల్లు గుర్తు దగ్గరికి వెళ్లింది, బోల్టు కదల్లేదు. అది ముందే బిగించి ఉంది, తప్పు నాదే. పటేల్ నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

నాయిన మాత్రం మామూలుగానే అన్నాడు, "అనుమానం వస్తే చెప్పాలె. తప్పయినా సరే చెప్పాలె. ఇగ ఎనిమిది చదువు."

మధ్యాహ్నానికి ఇంజన్ స్టార్ట్ అయింది. అరగంట నడిచినా కాస్త కూడా ఆవిరి లేదు. పటేల్ తాళాల కోసం చెయ్యి చాపాడు.

"సల్లారాలె పటేలా. సల్లారినంక ఇంకోసారి బిగించాలె."

"మస్తుగ నడుస్తాంది గదా యాదగిరీ. అక్కడ చుట్టాలు ఎదురు సూస్తున్నరు."

"ఇప్పుడు ఇస్తే మల్ల ట్రాక్టరుకు కట్టుకొనే వస్తరు. నేనియ్య."

పటేల్ మొహం ఎర్రబడింది. వాళ్ల ఊళ్లో ఆయనకు ఎదురు చెప్పేవాళ్లు తక్కువ. అప్పుడు అవ్వ కొడుకును చూసి, "నేను కూసుంట. సల్లారనియ్ రా," అంది. అంతే, ఆయన బీడీ ముట్టించుకుని జీపులో కూర్చున్నాడు.

ఎండ వాలింది. నాయిన హెడ్ మీద అరచెయ్యి పెట్టి చూసి, పైమూత తీశాడు. ఒక్కో బోల్టు తల మీది నుంచి హెడ్ మీదికి సుద్దతో గీత గీశాడు. పటేల్‌ను పిలిచి పక్కన నిలబెట్టి, వరుస తప్పకుండా ఒక్కోదాన్ని కాస్త వదులు చేసి మళ్లీ బిగించాడు. ముల్లు అదే గుర్తుకు వచ్చింది, కానీ సుద్దగీతలు కలవలేదు. ప్రతి బోల్టూ పాత చోటు దాటి ఇంకొంచెం తిరిగింది. వేడికి కింది గ్యాస్కెట్ అణిగి బోల్టులు వదులయ్యాయన్నమాట.

పటేల్ వంగి ఆ పదింటినీ చూశాడు. "నాకు గిది ఎవలు చెప్పలే యాదగిరీ," అన్నాడు చివరికి.

అవ్వ నన్ను కార్లో తన పక్కన కూర్చోబెట్టుకుంది. అల్వాల్ దాకా కిటికీ అద్దం దించుకుని పోయాం... వేడి చూపించే ముల్లు మధ్యలోనే నిలబడింది. ఆ కారు తర్వాత చాలా ఏళ్లు ఆ ఇంటివాళ్ల దగ్గరే తిరిగింది.

నేనిప్పుడు గుండ్లపోచంపల్లిలో ఒక చిన్న ఫ్యాక్టరీలో పంపులు బిగించే చోట సూపర్‌వైజర్‌ని. మిషనే బిగిస్తుంది, సరిపోతే పచ్చలైటు వెలుగుతుంది. నిజం చెప్పాలంటే మనిషికన్నా తప్పులు తక్కువ. కానీ చల్లారేదాకా పక్కన కూర్చునే మనుషులు, ఆ తీరిక... అవి ఏ మిషన్‌తోనూ రాలేదు.

మీ ఇంట్లో ఎవరైనా, ఎంత పెద్దమనిషి తొందరపెట్టినా పని సగంలో వదలని వాళ్లు ఉన్నారా... వాళ్ల గురించి నాలుగు ముక్కలు కింద రాయండి. అలాంటి వాళ్ల పేర్లు వినాలనుంది.