కొమరయ్య పెట్టిన పులుసు

కొమరయ్య చేపలు పట్టే ఇంట పుట్టి, మానేరులో వల వేసి పెరిగినవాడు. అలాంటివాడు కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ఉత్తరాన, నీటి మీద వాలే చిన్న విమానం తప్ప వేరే దారి లేని నది ఒడ్డు లాడ్జిలో వంటవాడై, మూడు సీజన్లుగా ఒక వింత చూస్తున్నాడు. డబ్బున్న మారాజులు వస్తారు. ఈకలు చుట్టిన గాలానికి చేపను తగిలిస్తారు. అరగంట దాన్ని ఏడిపించి, ఫొటో దిగి, నీళ్లలో వదిలేస్తారు. ఆ నదిలో చేపను ఉంచుకుంటే నేరం, ఏడిపిస్తే సరదా.

"ఆకలి లేకుంట చేపను పట్టుడేంది?" అని మొదటి ఏడు నవ్వుకున్నాడు. తర్వాత నోరు కట్టుకున్నాడు. మూడో సీజనూ పూర్తి చేశాడని ఓనర్ లెటర్ రాసిస్తే అక్కడే స్థిరపడేందుకు పీఆర్‌కి అప్లై చేసుకోవచ్చు, భార్య చంద్రకళను తెచ్చుకోవచ్చు. ఇంకా పదకొండు రోజులే.

అప్పుడు దిగారు కేశవరావు గారు, ఎడ్మంటన్‌లో రిటైరైన గుండె డాక్టరు. ఆయన నోట తెలుగు వినగానే కొమరయ్యకు ప్రాణం లేచొచ్చింది. మూడో రోజు మధ్యాహ్నం అన్నం డబ్బా ఇవ్వడానికి ఏటికి వెళ్లేసరికి, డాక్టరుగారి గాలం ఒక చేప మొప్పల్లో దిగి ఉంది. ఆయన దాన్ని లాగి ఊడదీసి వదిలితే, చేప నెత్తురు కక్కుతూ వెల్లకిలా తేలింది. వెంట వచ్చిన లాడ్జి గైడు దూరంగా పడవ దగ్గరున్నాడు, చూడలేదు.

"ఎలాగూ చస్తుందిలే. పులుసు పెడతావుటయ్యా? మా ఆవిడ పోయాక పులుసు మొహం చూడలేదు."

"వద్దు సారూ, రూల్ ఒప్పుకోదు. నా లెటర్ పోతది."

"నేను లేనూ? ఓనర్‌కి నేను చెప్తాగా!"

పెద్దాయన మాట. దాచుకున్న చింతపండులో ఒక్క ఉండ మిగిల్చి, తక్కినదంతా పిండి పులుసు పెట్టాడు కొమరయ్య. డాక్టరుగారు వంటింట్లోనే కూర్చుని తలకాయ జుర్రుకు తిన్నారు. అది చూసి కొమరయ్య కడుపు నిండిపోయింది. ఆ సంతోషంలో మతి తప్పి, ఇంటి దగ్గర చెట్లకు వేసినట్టే చేప పేగులూ మొప్పలూ తన పుదీనా మడిలో పాతేశాడు. అది ఎలుగుబంట్ల అడవి అని మూడేళ్లుగా తెలిసినవాడే.

తెల్లారేసరికి ఎలుగు మడిని తవ్వి, వంటింటి తలుపు పీకి పోయింది. టిఫిన్ల వేళ ఓనర్ మడిలో మిగిలిన మొప్పలు చేత్తో పట్టుకుని వచ్చాడు. కొమరయ్య డాక్టరుగారి వంక చూశాడు. ఆయన రొట్టెకు వెన్న రాసుకుంటున్నారు.

"నేను పట్టిన ప్రతి చేపనూ వదిలేశాను," అన్నారు ఇంగ్లిష్‌లో, తల ఎత్తకుండా. "ఇతను పెట్టింది షాపు చేప అనుకున్నాను."

కొమరయ్యకు ఆ మాత్రం ఇంగ్లిష్ వచ్చు. లెటర్ లేదన్నాడు ఓనర్, మధ్యాహ్నం విమానం ఎక్కమన్నాడు. మూడేళ్ల చాకిరీ ఏట్లో కలిసింది.

డాక్టరుగారు రేవు దాకా వచ్చారు. "ఏమీ అనుకోకయ్యా. చేపలు పట్టే నా లైసెన్స్ పోతే మళ్లీ ఏడాది రాలేను కదా," అన్నారు. పైలట్ కేక వేశాడు. ఆయన గొంతు తగ్గించి అడిగారు: "ఆ చింతపండు ఏమైనా మిగిలిందా?"

అడిగినవాళ్లకు లేదనడం ఎరగని కొమరయ్య చెయ్యి తనంతట తనే సంచీలోకి పోయింది.