భుజం మీద రెండుసార్లు

పడవలో నా కుర్చీ వెనక్కి తిరిగి ఉండేది. నడిపే మనిషి వీపుకు నా వీపు ఆనేది. ఆయనకు ముందున్న నీళ్లు కనపడేవి. నాకు తాడు, తాడు చివర నీళ్ల మీద జారే ఒంటి స్కీ పలక మీద వంగి నిలబడ్డ ఆవిడ. న్యూజిలాండ్‌లో ఎవరినైనా పడవ వెనక స్కీ మీద లాగాలంటే, నడిపేవాడు కాక ఇంకో మనిషి ఇలా వెనక్కి చూస్తూ కూర్చోవాలి. అది అక్కడి చట్టం. నడిపేవాడు వెనక్కి చూడకూడదు. స్కీ మీదున్న మనిషి అరిచినా ఇంజిన్ హోరులో వినపడదు. వాళ్లిద్దరి మధ్య మాట ఏదైనా నడవాలంటే ఆ మూడో మనిషి ద్వారానే నడవాలి. రెండు వేసవులపాటు ఆ మూడో మనిషిని నేను.

రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్లలో చదువు కోసం పామర్‌స్టన్ నార్త్ వచ్చాను. ఒక వృద్ధ దంపతుల పెరట్లో ఉన్న గదిలో అద్దెకు దిగాను. ఆయన పాల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. ఆవిడ నర్సుగా చేసి మానేసింది. వాళ్ల కారు ఏడాది పొడుగునా వానలో తడిసేది. గరాజ్‌లో పడవ ఉండేది. పెళ్లయిన కొత్తలో ఆయన ప్లైవుడ్‌తో స్వయంగా కట్టిన పడవ అది. ఎక్కడో గుద్దుకున్న పెద్ద కారులోంచి తీసిన ఇంజిన్‌ను అందులో బిగించారు. ముందు భాగానికి వేసిన వార్నిష్‌లో మన మొహం మనకు కనిపించేది. వయసులో ఉన్నప్పుడు ఆయన నడిపితే ఆవిడ స్కీ మీద పందేలకు వెళ్లేదట. గెలిచిన కప్పుల్లో ఆవిడ ఇప్పుడు బట్టల క్లిప్పులు వేసుకునేది.

మొదటిరోజు అలవాటు కొద్దీ వాళ్లను అంకుల్, ఆంటీ అన్నాను. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఆవిడ వైపు తిరిగారు.

"నాకు ఇండియాలో మేనల్లుడున్నాడని మా అక్క ఎప్పుడూ చెప్పలేదే!"

"మీ అక్క నీకు ఏం చెప్పింది గనక," అంది ఆవిడ. "బాబూ, ఆంటీ అంటే నూరేళ్ల ముసలిదాన్నయినట్టుంది. కానీ పిలువు, ఫరవాలేదు. ముందు అద్దెకున్న పిల్లాడు అసలు పిలిచేవాడే కాదు."

వాళ్లకు వెనక్కి చూసే మనిషి కావాలి. కొడుకులిద్దరూ ఆస్ట్రేలియాలో ఉన్నారు. నాకు శని, ఆదివారాలు ఖాళీ. అలా కుదిరింది. పొద్దున్నే పడవను కారు వెనక తగిలించుకుని, ఉత్తరాన ఉన్న సరస్సుకు మూడు గంటలు ప్రయాణం చేసేవాళ్లం. ఆవిడ తెచ్చే గుడ్డు శాండ్‌విచ్‌లలో కారం ఉండదని నేను జేబులో ఒక పచ్చిమిరపకాయ పెట్టుకునేవాణ్ణి.

సైగలు ఆవిడే నేర్పింది. బొటనవేలు పైకి లేపితే ఇంకా వేగం. కిందికి దించితే తగ్గించమని. అరచేత్తో తలమీద తడితే ఒడ్డుకు పోదామని. వాటిని ఆయనకు చేర్చడానికి వాళ్ల పాత పద్ధతి ఒకటుంది. వెనక నుంచి ఆయన భుజం మీద ఒకసారి తడితే వేగం పెంచమని, రెండుసార్లు తడితే తగ్గించమని. ఆయన ఎందుకని అడగరు. తిరిగి చూడరు. తట్టగానే పడవ మారిపోయేది.

"అంతే పని, మేట్," అన్నారు ఆయన. "నువ్వు చూసింది నాకు రావాలి. అంతకన్నా తక్కువా వద్దు, ఎక్కువా వద్దు."

ఆ పని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసనుకున్నాను. మా ఇంట్లో మా అమ్మకూ మేనత్తకూ చాలాకాలం మాటల్లేవు. ఒకే వంటింట్లో ఉంటూ నా ద్వారా మాట్లాడుకునేవారు. "పప్పులో ఉప్పు వెయ్యడం కూడా రాదా అని అడుగు మీ అత్తని," అనేది అమ్మ. నేను నాలుగడుగులు వేసి, "అత్తా, పప్పు బాగుందట, ఉప్పు కాస్త చూడమంది," అనేవాణ్ణి. అత్త ఇంకేదో అనేది. దాన్ని కూడా కడిగి, తుడిచి అమ్మకు అందించేవాణ్ణి. ఇంటికొచ్చిన వాళ్లంతా, వీడు లేకపోతే ఈ ఇల్లు ఏమయ్యేదో అని మెచ్చుకునేవారు. మాటను ఉన్నది ఉన్నట్టు చేర్చడం మొరటుతనమనీ, వినేవాళ్ల మంచి చూసి మార్చడమే తెలివనీ నాకు అక్కడే అలవాటైంది. అదొక గుణమనుకున్నాను చాలా ఏళ్లు.

రెండో వేసవిలో ఆ సరస్సు మీద పాత పడవలన్నీ కలిసే వారాంతం ఒకటి వచ్చింది. పాతకాలపు చెక్క పడవలన్నిటినీ తుడిచి, తోమి, దూరదూరాల నుంచి తీసుకొస్తారు. చివర్లో స్కీ పందెం, సరస్సులో గుర్తుగా తేలే బోయాల చుట్టూ మూడు చుట్లు. ఆవిడకు అప్పటికి అరవై అయిదు దాటాయి. ఎడమ మోకాలు అరిగిపోయిందనీ, మార్చాల్సిందేననీ డాక్టరు చెప్పాడు.

"మార్చాక స్కీ ఎక్కనివ్వరు," అంది ఆవిడ వంటగదిలో మోకాలికి పట్టీ చుట్టుకుంటూ. "అందుకని ముందే ఒక్కసారి. ఊరికే లాగించుకుని రావడం కాదు. పందెం వేసి, చివరిదాకా, ఉన్నంత వేగంతో. తరవాత మోకాలు ఊడిపోయినా ఫరవాలేదు."

"ఊడితే నేను వెతకను," అన్నారు ఆయన.

"నువ్వు వెనక్కి చూడవుగా, నీకెలా తెలుస్తుంది? వీడు చెప్తాడు."

ఆ రోజు ఒడ్డున ఎక్కడ చూసినా రంగు రంగుల పడవలు, పెట్రోలు వాసన, మడత కుర్చీల్లో టోపీలు పెట్టుకున్న ముసలివాళ్లు. ఆవిడ వయసులో స్కీ పందెంలో దిగినవాళ్లు ఇంకెవరూ లేరు. పోటీకి వచ్చిన ఒక ఎర్ర పడవ వెనక స్కీ చేసేవాడికి యాభై ఉంటాయేమో. వాడు ఆవిడను చూసి, "అమ్మమ్మా, తాడు గట్టిగా పట్టుకో!" అని అరిచాడు. "నువ్వు వెనక నుంచి చూస్తావుగా, వదిలేస్తే చెప్పు," అంది ఆవిడ. ఒడ్డంతా నవ్వింది.

మొదటి చుట్టు బాగా సాగింది. రెండో చుట్టులో ఎర్ర పడవను అందుకున్నాం. మూడో చుట్టు మొదలయ్యేసరికి రెండు పడవలూ పక్కపక్కన ఉన్నాయి. గాలి లేచి నీళ్లు కరుకుగా మారాయి. ఆవిడ స్కీ అలల మీద టకటకా కొట్టుకుంటోంది. పట్టీ కట్టిన మోకాలు వణకడం నాకు కనపడుతోంది. అప్పుడు ఆవిడ వీపు వెనక పెట్టుకున్న చేతిని విడిపించి ముందుకు చాచి, బొటనవేలు పైకి లేపింది.

స్పష్టంగా చూశాను. తుంపర లేదు, ఎండ కళ్లలో పడలేదు. బొటనవేలు పైకే ఉంది. మొహంలో నవ్వు కూడా ఉంది.

నేను ఆ మోకాలినే చూశాను. పడితే ఏమవుతుందో ఊహించుకున్నాను. పెద్దావిడ, తెలియక అడుగుతోంది అనుకున్నాను. ఆ సరస్సు గురించి, ఆ వేగం గురించి, ఆ మోకాలి గురించి నాకంటే ఆవిడకే ఎక్కువ తెలుసన్న సంగతి ఆ క్షణంలో నాకు తట్టలేదు. చెయ్యి వెనక్కి చాచి ఆయన భుజం మీద రెండుసార్లు తట్టాను. ఎన్నిసార్లు తట్టానో అంత దూరం నుంచి ఆవిడకు తెలియదు.

పడవ తగ్గింది. ఎర్ర పడవ ముందుకు దూసుకుపోయింది. ఆవిడ మళ్లీ బొటనవేలు లేపింది. ఇంకా పైకి, చెయ్యంతా చాచి లేపింది. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడ మొహంలో నవ్వు పోవడం కూడా నేనే చూశాను. ఇంకెవరూ చూడలేదు.

ఒడ్డున ఆయన ఇంజిన్ ఆపి మెల్లగా అడిగారు. "తగ్గించమందా?"

"అవును, అంకుల్."

"పాపం, నొప్పి పుట్టి ఉంటుంది," అన్నారు. తరవాత తువ్వాలు తీసుకుని ఆవిడకు ఎదురెళ్లారు.

తిరుగు ప్రయాణంలో ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఆయన తనంతట తానే వేగం తగ్గించారని ఆవిడ కోపం. ఆవిడ నొప్పిని తన దగ్గర దాస్తోందని ఆయన బాధ. నాకు రెండూ తెలుసు. వెనక సీట్లో నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకున్నాను.

మర్నాడు ఆవిడ నా గది తలుపు కొట్టింది. చేతిలో ఉతికిన నా దుప్పటి ఉంది.

"నేను తగ్గించమన్నానని ఆయనంటున్నాడు. నేను అనలేదు. నువ్వు చూశావుగా, చెప్పు."

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం మళ్లీ రాలేదు. ఆవిడ నన్ను తిట్టేది. ఆయన రెండు రోజులు మాట్లాడేవారు కాదు. అంతకన్నా ఏమీ అయ్యేది కాదు. కానీ నా గురించి వాళ్లకున్న మంచి అభిప్రాయం పోతుందని భయపడ్డాను. ఆవిడ మోకాలి కోసం చేశానని అప్పటిదాకా సర్దిచెప్పుకున్న నేను, ఇప్పుడు నా కోసమే అబద్ధమాడాను.

"నాకు కిందికి దించినట్టే కనపడింది, ఆంటీ."

ఆవిడ తన కుడిచేతిని తిప్పి చూసుకుంది. బొటనవేలు పైకి లేపింది, దించింది. "ఇలాగా?" అంది. నేను తలూపాను. "అయితే నా చేయి ఏం చేస్తోందో నాకే తెలియడం లేదన్నమాట," అంది. దుప్పటి మంచం మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆవిడ మళ్లీ నీళ్లలో దిగలేదు. మోకాలి ఆపరేషన్‌కు ఇంకా నెలలున్నాయి, ఇంకోసారి వెళ్దాం అని ఆయన బతిమాలారు. "నా చేతి మీద నాకే నమ్మకం లేదు. తాడు చివర అలాంటి మనిషి ఉండకూడదు," అంది. శీతాకాలంలో పడవను దక్షిణ దీవి నుంచి వచ్చిన ఒకతనికి అమ్మేశారు. అది వీధి మలుపు తిరిగేదాకా ఆయన గేటు దగ్గర నిలబడ్డారు. ఆవిడ బయటికి రాలేదు. కారు గరాజ్‌లోకి చేరింది.

నాకు ఆక్లాండ్‌లో ఉద్యోగం వచ్చింది. అక్కడే హైదరాబాద్ అమ్మాయిని పెళ్లి చేసుకుని బోటనీ డౌన్స్‌లో కాపురం పెట్టాను. క్రిస్మస్‌కు ఆ పెద్దవాళ్లకు ఫోన్ చేసేవాణ్ణి. వాతావరణం గురించి మాట్లాడుకునేవాళ్లం.

కొన్నేళ్లకు ఆక్లాండ్‌లోనే మనురేవాలో ఉండే స్నేహితుడి ఇంట్లో ఫంక్షన్ వచ్చింది. బిర్యానీ చేసివ్వమని నా చేత నా భార్యను అడిగించారు. తనకు డ్యూటీలు వరసగా ఉన్నాయి, చెయ్యలేనని చెప్పమంది. నేను ఫోన్లో, "చూస్తానంది," అన్నాను. ఆ శనివారం మధ్యాహ్నం వాళ్లు గిన్నెలతో మా గుమ్మంలో నిలబడ్డారు. వాళ్లను ఎలాగో పంపించి వచ్చాక నా భార్య వంటగది గట్టు మీద చేతులు ఆనించి నిలబడింది.

"చెయ్యనని చెప్పమన్న కద?"

"మెల్లగా చెప్పాను."

"మెల్లగ చెప్పుడు కాదు, ఇంకోటి చెప్పినవ్. నా నోట్ల నీ మాట పెడ్తవ్. మల్ల అందరి ముందర నేను అబద్ధమాడిన దాన్నైత. నిన్ను మంచోడంటరు, నన్ను మాట తప్పిందంటరు. గిదేం మంచితనం?"

సరస్సు సంగతి అంతా చెప్పాను. ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. తను చివరిదాకా విని అడిగింది.

"వాళ్లున్నరా?"

"ఉన్నారు."

"మరి గీడ కూసొని నాకు చెప్తవేంది?"

ఈస్టర్ సెలవుల్లో ఒక్కణ్ణే డ్రైవ్ చేసుకుంటూ పామర్‌స్టన్ నార్త్ వెళ్లాను. ఆవిడ చేతికర్ర పట్టుకుని తలుపు తీసింది. "మేనల్లుడొచ్చాడు!" అని లోపలికి కేక వేసింది. టీ పోసింది. ఆయన కొంచెం వంగిపోయారు గానీ మాటల్లో పదును తగ్గలేదు. ఆక్లాండ్ ట్రాఫిక్ తిని ఇంత లావయ్యావా అన్నారు.

ఇంకాసేపు ఆగితే చెప్పలేనని తెలిసి, కప్పు ముట్టుకోకుండానే చెప్పేశాను. వేలు పైకే ఉందని. రెండుసార్లు లేపిందని. తుంపర అడ్డం రాలేదని. మర్నాడు గది తలుపు దగ్గర చెప్పింది కూడా అబద్ధమేనని. ఈసారి దేన్నీ మెత్తబరచలేదు. క్షమించమని మాత్రం అడగలేదు.

"పైకే ఉందా?" అంది ఆవిడ.

"పైకే, ఆంటీ."

ఆవిడ నా మీద అరుస్తుందని ఎదురుచూశాను. ఆవిడ ఆయన వైపు తిరిగింది.

"ఇంకా ఉందా?"

"ఏది, లవ్?"

"ఆ రోజు. ఆఖరి చుట్టులో. ఇంజిన్‌లో ఇంకా ఉందా?"

ఆ పడవలో వేగం కారులో లాగా కాలితో నొక్కే పెడల్‌తోనే. ఆయన మేజోడు వేసుకున్న కుడిపాదాన్ని బల్ల కింద నుంచి బయటికి జరిపి, మడమ నేలకు ఆనించి, వేళ్లు కాస్త పైకి లేపి చూపించారు.

"ఇంత ఉంది."

ఆవిడ కర్ర మీద వంగి ఆ పాదానికీ నేలకూ మధ్య ఉన్న ఖాళీని చూసింది.

"అంత సరిపోయేది."

"సరిపోయేది," అన్నారు ఆయన.

ఆ తరవాత వాళ్లిద్దరూ ఆ పందెం మొదటి నుంచీ చెప్పుకోవడం మొదలుపెట్టారు. గాలి ఎక్కడ లేచింది, ఏ బోయా దగ్గర ఎర్ర పడవ మలుపు వెడల్పుగా తీసుకుంది, వాడి మొహం ఎలా ఉంది. ఆ రోజు వెనక్కి చూస్తూ కూర్చున్నది నేనొక్కణ్ణే. అయినా ఆవిడ చెయ్యి ఎక్కడ లేచిందో, ఎంతసేపు అలా ఉంచిందో నన్ను అడగలేదు. ఆవిడే చెప్పింది. ఆయన విన్నారు.