గొయ్యి చూస్తే ఊరుకోని డాక్టరు

గరివిడిలో పళ్ల డాక్టరు ఉదయభాస్కర్‌కి ఒకటే జబ్బు. గొయ్యి కనబడితే పూడ్చకుండా ఉండలేడు. ఆస్పత్రి ముందు రోడ్డు గుంటల్ని ఆదివారాలు తనే కంకర పోసి పూడుస్తాడు. గోడలో మేకు ఊడిందా, నోరు తెరిచిన రోగిని కుర్చీలోనే వదిలేసి సిమెంటు ముద్దతో లేస్తాడు. ఆయన పడే బాధ చూడలేక భార్య సుహాసిని గారెలకి చిల్లు పెట్టడం మానేసి ఆరేళ్లయింది.

అలాంటివాడి చేతిలో పడ్డాడు రామకోవెల సన్నాయి విద్వాంసుడు అప్పలనరసింహం. ముందుపన్ను విరిగింది. పన్ను లేకపోతే పెదవి నిలవదు, పెదవి నిలవకపోతే సన్నాయి పలకదు. పలకకపోతే మూడు తరాలుగా తమవాళ్లు కూర్చున్న కోవెల అరుగు ఇంకొకరి పాలవుతుంది. ఆ దిగులు ముందు పంటినొప్పి ఏపాటిది!

పన్ను పీకి గొయ్యిలోకి తొంగి చూసిన డాక్టరు మొహం వెలిగిపోయింది.

"మావా, పన్ను పోయిన సోట దవడెముక కుంచించుకుపోతాది. రేపు కొత్త పన్ను పాతడానికి దన్నుండదు. ఇప్పుడే ఎముకపొడితో నింపేస్తాను."

"ఏ ఎముక బాబూ?"

"ఆవుది ఉన్నాది..."

అప్పలనరసింహం కుర్చీలోంచి సగం లేచిపోయాడు. "రాముడి ముందర ఊదే నోరు బాబూ ఇది!"

"కూకో మావా. ఫ్యాక్టరీలో సేసిన పొడి కూడా ఉన్నాది."

"ఏటి, మనూరి ఇనప ఫ్యాక్టరీయేనా? నా నోట్లో కొలిమి సిట్టెం పోస్తావేటి?"

"సిట్టెం కాదు మావా, సున్నంలాటి పొడి. బీరపాదుకి పందిరేస్తాం సూడు, అలాగ. నీ ఎముక దాన్ని పట్టుకుని అల్లుకుంటాది. తర్వాత ఆ పొడి మెల్లగా కరిగిపోతాది."

ఆనాటి నుంచి రోజూ పొద్దున్నే ఫోను. "గొయ్యి ఎలాగున్నాది?"

ఒకనాడు అప్పలనరసింహం భార్య కుసుమకుమారికి ఒళ్లు మండింది. "ఈయనెలాగున్నాడని ఒక్కనాడైనా అడగవేటి బాబూ?"

"గొయ్యి బాగుంటే ఆయన బాగున్నట్టేనమ్మా!"

అప్పలనరసింహం మాత్రం కోవెల వైపే వెళ్లలేదు. తన అరుగు మీద వేరేవాణ్ణి చూసే ధైర్యం ఆయనకి లేదు. ఐదో నెలలో ఎక్స్‌రే తీస్తే గొయ్యి జాడే లేదు. ఎముకలోకి మరలాంటి వేరు దించి, అది గట్టిపడ్డాక పన్ను బిగించేసరికి తొమ్మిది నెలలు నిండాయి.

ఆ సాయంత్రమే సన్నాయి చంకన పెట్టుకుని భార్యతో కోవెలకి బయల్దేరాడు. దూరం నుంచే "ఊఁ..." అని ఏదో మోత. వెళ్లి చూస్తే అరుగు మీద డాక్టరు! ఎదురుగా కరెంటు శ్రుతిపెట్టె. కచేరీ చేస్తున్నవాడిలా తల ఊపుతున్నాడు.

ధర్మకర్త చినబాబు పరుగున ఎదురొచ్చాడు. "వచ్చావా మావా! నువ్వు లేవు కదాని మిషను సన్నాయి పెడదామంటే, నువ్వొచ్చేదాకా ఈ జాగా నాదని ఈ బాబు అడ్డంగా కూకున్నాడు. వాయించడం రాదు, లేపితే లేవడు. రోజూ ఇదే మోత! రాముడికి కూడా సెవులు నొప్పెట్టుంటాయి!"

ఈ మనిషినే గోతుల పిచ్చోడని అప్పలనరసింహం ఊరంతా చెప్పుకు తిరిగాడు. సిగ్గూ ప్రేమా ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"నాకోసం ఇంత పని సేసేవా బాబూ?"

"ఖాళీగా ఒగ్గేస్తే కుంచించుకుపోతాది కదా మావా," అని డాక్టరు పంచె దులుపుకుని లేచాడు.

అప్పలనరసింహం కూర్చుని ఊదాడు. మొదటి స్వరం కాస్త తడబడింది, రెండోది నిలిచింది. మూడో దానికి చినబాబు కళ్లు తుడుచుకున్నాడు. డాక్టరు మాత్రం కన్నార్పకుండా సన్నాయి కేసే చూస్తున్నాడు. వేళ్లు ఊరికే ఆడిస్తున్నాడు.

కుసుమకుమారి అది కనిపెట్టి గభాలున అడ్డం వచ్చింది. "బాబూ, నీకు దణ్ణం పెడతాను! ఆ సన్నాయి సిల్లుల జోలికి మాత్రం రాకు!"