జ్ఞానమ్మ చేతి ద్రాక్షారసం

నడికుడి రైల్వే క్వార్టర్స్ వెనకాల మా చర్చి. నెలకోసారి, మొదటి ఆదివారం, ప్రభువు బల్ల దగ్గర అందరికీ గుక్కెడు ఇచ్చే సంస్కారపు ద్రాక్షారసం ఆ చర్చికి ఏళ్ళ తరబడి చేసిన మనిషి జ్ఞానమ్మ. వాళ్ళ గోడా మా గోడా ఒకటే. చుట్టరికం లేదుగానీ నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమె నాకు పెద్దమ్మే. ఆమె గురించి రాద్దామని కూర్చుంటే ముందు కోపం వస్తోంది, ఆ తర్వాతే ఏడుపు. కోపం సంగతి తర్వాత. ముందు మనిషిని చెప్పాలి.

పెద్దమ్మ భర్త దేవానందం రైల్వేలో గ్యాంగ్‌మన్. పగలంతా పట్టాల మీద సుత్తి, పొద్దుగూకితే సీసా. ఆయన గుమ్మంలో కాలు పెట్టకముందే ఏం తాగాడో, ఎంత తాగాడో పెద్దమ్మ చెప్పేసేది. సారానా, బ్రాందీనా, అందులో ఏం కల్తీ కలిపారో కూడా చెప్పేది. ముక్కు అట్లా తయారైంది ఆమెకి. మంచి పని నేర్చుకోవడానికి ఎంత దిక్కుమాలిన బడి దొరికిందో చూడండి. ఆయన ఖాళీ చేసిన సీసాలనే ఉడుకునీళ్ళలో మరిగించి, ఎండబెట్టి, వాటిల్లోనే ప్రభువు బల్లకి ద్రాక్షారసం పోసేది. ఇదేం చోద్యమని సంఘపెద్దలు సణిగితే, "సీసాకేం తెలుసయ్యా, తాగేటోడికి తెలియాలగానీ" అని కొట్టిపారేసింది. ఆయన తాగీ తాగీ కాలేయం చెడిపోయి పోయాడు. కొడుకు పిడుగురాళ్ళ సున్నం బట్టీల్లో పనికి కుదిరాడు. కోడలు శాంతి, పెద్దమ్మ ఇంటి దగ్గర.

ద్రాక్షారసం పని పెద్దమ్మకి అత్త రాజమ్మ నుంచి వచ్చింది. మాఘమాసం చలి తగ్గే రోజుల్లో నరసరావుపేట మార్కెట్టుకి పోయి నల్లద్రాక్ష తెచ్చేది. బస్సులో గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది, కింద పెడితే చితుకుతాయని. కడిగి, నీడలో ఆరబెట్టి, జాడీలో చేత్తో పిసికి, పంచదార, గుప్పెడు గోధుమలు వేసి మూతికి గుడ్డ కట్టేది. రోజూ కట్టెగరిటెతో ఒకసారి తిప్పాలి. వడకట్టాల్సిన రోజు ఎప్పుడో ఆమెకి ముక్కే చెప్పేది. ఆ రోజు దాటితే జాడీ మొత్తం పులిసి పాడవుతుంది, ముందే తీస్తే పచ్చి వాసన. వడకట్టినదాన్ని సీసాల్లో పోసి, బిరడా మీద మైనం కరిగించి పోసేది.

అక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటు. అసలు పని అప్పుడే మొదలు. మా పల్నాడు ఎండకి నాపరాళ్ళ ఇల్లు కూడా కుంపటే. నడింట్లో గొయ్యి తవ్వించి, ఇసక నింపి, అందులో సీసాలు మెడ దాకా పూడ్చి, వేసవంతా పొద్దునా సాయంత్రం ఇసక తడిపేది. తాగే నీళ్ళు ట్యాంకరుతో వచ్చే రోజుల్లో కూడా ఆ గొయ్యికి ఒక బిందె పక్కన పెట్టేది. ఒక్కో సీసా మూడేళ్ళు, నాలుగేళ్ళు అక్కడే. ఏడేళ్ళు ఉంచినవి కూడా ఉండేవి.

సంస్కారపు ఆదివారం ముందురోజు ఏ సీసా పైకి తీయాలో తేల్చేది. పరగడుపున, పచ్చి మంచినీళ్ళు పుక్కిలించి, వెండి చెంచాలో నాలుగు చుక్కలు పోసుకుని కళ్ళు మూసుకునేది. చప్పరించేది కాదు. నాలిక మీద ఉంచుకుని, ముక్కుతో గాలి పీల్చి, కాసేపు అట్లాగే ఉండిపోయేది. "ఇది ఇంకా కుదురుకోలేదు, పొగరుంది" అని మళ్ళీ మైనం పోసేది. నచ్చితే ఏమీ అనేది కాదు, చెంచా కడిగి పెట్టేసేది. బల్ల మీదికి పోకముందు చేసినవాళ్ళు తప్ప ఇంకెవరూ నాలిక తగిలించకూడదని రాజమ్మ పెట్టిన కట్టుబాటు. ఆమె కూడా ఆ నాలుగు చుక్కలు మించి గొంతు దిగనిచ్చింది లేదు. తాగుడుతో సంసారం చేసిన మనిషి కదా, తాగుడంటే ఆమెకి అసహ్యం.

నేను టెంత్ పాసైన యేడు బల్ల మీదికి ఏడేళ్ళ సీసా వచ్చింది. రంగు నలుపు విరిగి ఇటుకపొడి రంగుకి తిరిగింది. ముందు నేరేడుపండు వగరు, తర్వాత ముదురు పాకం తీపి, మింగాక చాలాసేపటికి తొలకరి మట్టి లాంటిదేదో. అంత చిన్న గ్లాసులో అంత రుచి ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఇంటికొచ్చి మధ్యాహ్నం దాకా మంచినీళ్ళు కూడా తాగలేదు, ఆ రుచి పోతుందని.

అట్లాగని మా సంఘం ఆమెని నెత్తిన పెట్టుకుందనుకోకండి. మావాళ్ళ నోరు మంచిది కాదు. బల్ల దగ్గర్నుంచి లేచి చెప్పులు వేసుకునేలోపే మొదలుపెట్టేవాళ్ళు. "ఏమే జ్ఞానమ్మా, ఈసారి పలచబడిందేందీ?" "తీపి చానా ఎక్కువైంది, పానకం తాగినట్టుంది." ఆమె ఊరుకునే రకమా! "నీ నాలిక్కి పచ్చిమిరపకాయ బజ్జీ తప్ప ఏం తెలుసు!" అని మీదికి పోయేది. చర్చి గేటు దగ్గర ఆ గొడవ లేని మొదటి ఆదివారం ఉండేది కాదు. తిట్టుకుంటూ ఇంటికొచ్చేదిగానీ, మరుసటి యేడు పంచదార తగ్గించేది.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు పెద్దమ్మకి జ్వరం తగిలింది. జ్వరం పోయింది, ఒళ్ళు కుదుటపడింది. వాసనా రుచీ మాత్రం రాలేదు. నెల ఆగితే వస్తాయన్నారు. యేడాది గడిచినా రాలేదు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. కూరలో ఉప్పు చేతి లెక్కన వేసేది. పాలు మాడినా తెలిసేది కాదు. అప్పటికి బెంజిమిన్ పాస్టరుగారు కొత్తగా వచ్చి, ఊళ్ళో చర్చిలన్నీ ప్యాకెట్ జ్యూస్ వాడుతున్నాయి, మనకెందుకీ శ్రమ అని ఒకటి రెండుసార్లు అన్నారు. రుచి పోయిందని చెబితే ఆ పని తన చేతుల్లోంచి పోతుంది. అది పోతే ఆ చర్చిలో తాను ఇంకెవరు? చాప మీద కూర్చునే ముసలామె. అదీ ఆమె భయం.

టీచరుగా నాకు అప్పటికే అచ్చంపేట దగ్గరి స్కూలుకి బదిలీ అయింది. సెలవులకి వచ్చి పోతున్నానేగానీ, సంస్కారపు ఆదివారం మా చర్చిలో కుదరనే లేదు. మొన్న వేసవిలో కుదిరింది. బల్ల ముందు మోకరించాను. పాస్టరుగారు గ్లాసు అందించారు. పెద్దమ్మ చేతిది కదా అని ఆశగా నోట్లో పోసుకున్నాను.

నాలిక చురుక్కుమంది. నూడుల్స్ బండి మీద పోసే వెనిగరే. ముక్కుల్లోకి ఎక్కి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఉమ్మేయడానికి లేదు, అది ప్రభువు రక్తమని ఇచ్చింది. మింగాను. నా మొహం ఎట్లా పెట్టానో నాకు తెలియదుగానీ, తలెత్తితే చాప మీదినుంచి పెద్దమ్మ నన్నే చూస్తోంది. నాకు అటూ ఇటూ మోకరించినవాళ్ళ మొహాల్లో ఏమీ లేదు. తేనె తాగినంత శాంతంగా లేచి వెళ్ళిపోతున్నారు.

బయటికొచ్చాక విన్నాను. "చానా బాగుంది పెద్దమ్మా." "నీ చెయ్యి చెయ్యే జ్ఞానమ్మక్కా." ఆ పొగిడేవాళ్ళంతా ఎవరనుకున్నారు? పలచబడిందని, తీపి ఎక్కువైందని గేటు దగ్గర గొడవపడ్డవాళ్ళే. శాంతిని పక్కకి లాగి అడిగాను, ఏందిదంతా అని.

"మూడేళ్ళ నించీ ఇంతేనక్కా. జాడీ ఎప్పుడు వడకట్టాలో ఆమెకి తెలవట్లా. కూరలో ఉప్పు చూసి నాకు అర్థమైంది. పులిసింది బల్ల మీదికి రాకముందే నేనే పాస్టరు అయ్యగారికి చెప్పా. ఆయన అందరికీ చెప్పారు, పెద్దామెకి అదొక్కటే ఉంది, ఎవురూ ఏమీ అనొద్దని."

నాకు ఒళ్ళు మండిపోయింది. నేరుగా పాస్టరుగారి దగ్గరికి పోయాను.

"ఆమెకి ఎవరూ చెప్పకపోతే ఎట్లా అయ్యగారూ?"

"చెబితే బతకదమ్మా" అన్నారాయన. మంచి మనిషే. కళ్ళు చెమర్చాయి కూడా. "నెలకోసారి ఒక్క గుక్క. మనం ఆ మాత్రం ఓర్చుకోలేమా?"

ఓర్చుకున్నారు సరే. ఆమెని అడిగారా? మనిషి మీద జాలి పుట్టగానే ఆ మనిషితో నిజం మాట్లాడటం మానేస్తాం. దానికి ప్రేమ అని పేరు పెట్టుకుంటాం. అంతమంది కలిసి అంత మంచితనంగా చేసిన ఆ పని తల్చుకుంటే నాకు ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఆ సాయంత్రం పెద్దమ్మే మా గుమ్మంలోకి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"వాసంతీ, పొద్దున మొహం అట్టా పెట్టావేందే?"

"ఏం లేదు పెద్దమ్మా, పొలమారింది."

"నీ మొహం నాకు తెలవదా? చెప్పు. నువ్వు అబద్ధం చెప్పలేవు."

చెప్పలేను, నిజమే. చెప్పేశాను. "పులిసిపోయింది పెద్దమ్మా. వెనిగర్ లాగా ఉంది."

ఆమె గుమ్మం పట్టుకుంది. "ఈ సీసా ఒక్కటేనా?"

కాదన్నట్టు తల తిప్పాను.

"ఎన్నాళ్ళ నించి?"

"మూడేళ్ళ నుంచంట."

"అందరికీ తెలుసా?"

"తెలుసు."

"అయ్యగారికీ?"

తలూపాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గడప మీద కూర్చుంది.

"గొంతులో మంట తగుల్తా ఉండేదే. రసానికి పదునెక్కిందనుకున్నా" అంది. తర్వాత తనలో తను చెప్పుకున్నట్టు మొదలుపెట్టింది. "జొరమొచ్చి రుచి పోయిన యేడు, ఇంక నావల్ల కాదు ప్రభువా, ఈ ఒక్కసారికి నువ్వే చూసుకో అని జాడీ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశా. ఆయన విన్నాడో లేదో చూద్దామని, పాత సీసాలు ఆపి ఆ రసాన్నే బల్ల మీద పెట్టిన రోజు వణికిపోయా. అందరి మొహాలూ చూశా. ఒక్కరు కూడా మొహం చిట్లించలా. గేటు కాడ ఒక్కరు కూడా తిట్టలా. పైగా బాగుందన్నారు. నా నాలిక తీసుకున్నాడుగానీ నా చెయ్యి ఆయన పట్టుకున్నాడనుకున్నానే. ప్రతి నెలా ఆయన నా ఇంటికొచ్చి పోతన్నాడనుకున్నా. మూడేళ్ళు ఆ సంతోషంతోనే లేచానే పొద్దున్నే."

ఆమె పనితనం ఒకటే పోతుందనుకున్నాను నేను, నిజం చెప్పేటప్పుడు. ఆమె దగ్గర్నుంచి ఏం లాక్కుంటున్నానో నాకు తెలియదు. తెలిసినా చెప్పేదాన్నేమో. దాని గురించి ఎంత ఆలోచించినా తెగటం లేదు.

మరునాడు శాంతి చేత గొయ్యి తవ్వించి సీసాలన్నీ పెరట్లో కుమ్మరించింది. పాతవీ కొత్తవీ అని చూడలేదు. జ్వరానికి ముందు పెట్టిన మంచివి కూడా కొన్ని అందులో ఉండేవని శాంతి తర్వాత చెప్పింది. మా పెరట్లోకి కూడా ఆ వాసన వచ్చింది. పులుపు కిందనుంచి అక్కడక్కడా తీయగా తగిలింది. పక్కనే నిలబడ్డ పెద్దమ్మకి అది కూడా లేదు.

తర్వాతి సంస్కారానికి పాస్టరుగారు ప్యాకెట్ జ్యూస్ తెప్పించారు. ఆ ఆదివారం నేను కావాలని సెలవు కలుపుకుని వెళ్ళాను. పెద్దమ్మ చర్చికి వచ్చింది, పాటలు పాడింది, వాక్యం వింది. బల్ల సమయానికి లేచి బయటికి పోయి, విడిచిన చెప్పుల దగ్గర గోడకి ఆనుకుని నిలబడింది. పాస్టరుగారు గ్లాసు పట్టుకుని నావైపు చూశారు, పిలుచుకురమ్మన్నట్టు. వెళ్ళాను.

"రా పెద్దమ్మా. దేవుడి మీద అలిగితే ఎట్లా?"

"నాకు ఆయన మీద కోపమేందే?" అంది. లోపలికి చూడకుండా, ఎండలోకి చూస్తూ అంది. "నువ్వు పోయి తీసుకో తల్లీ. ఆ మొహాలు నేను చూడలేను."